ప్లైవుడ్ పడవకి ఫైబర్ వేసే ముందు చెక్కలో ఉన్న నీళ్ల సంగతి చూడాలి

మీరు రాసింది ఒకసారి నా మాటల్లో చెప్పుకుంటాను, తేడా ఉంటే సరిదిద్దండి. ఇంట్లోనే 14 అడుగుల పడవ కట్టారు. అడుగు బల్లపరుపు, 12 మి.మీ. ప్లైవుడ్. పక్కలు 9 మి.మీ. కాలవలో, గోదావరి పాయలో, వీలైతే మొగ (నది సముద్రంలో కలిసే చోటు) దాకా తిప్పుకోవాలని మీ కోరిక. షాపులో 450 మ్యాట్ (చదరపు మీటరుకి 450 గ్రాములుండే గాజు పోగుల పరుపు) రెండు వరసలు వేసి పాలిస్టర్ రెసిన్ (పూశాక గట్టిపడే ద్రవం) పట్టించమన్నారు, చేపల బోట్లన్నీ దాంతోనే చేస్తారన్నారు. ఈలోగా చెక్క పాడవకూడదని అడుగంతా ఒక కోటు ఎనామిల్ ప్రైమర్ కొట్టేశారు. ఆ ప్రైమర్ మీదే ఫైబర్ వేయొచ్చా, లోపల కూడా వేయాలా, వానలు పడకముందే పూర్తవుతుందా అని అడిగారు.

ప్రైమర్ మీద వేయకండి. పాలిస్టర్ కాకుండా ఎపాక్సీ అనే ఇంకో రకం రెసిన్ వాడండి. లోపల అంతా మ్యాట్ పరచొద్దు. వానల మాట చివర చెబుతాను, ఎందుకంటే అది మీ చెక్క ఎంత ఆరిందనే దాన్ని బట్టి ఉంటుంది.

షాపువాళ్లు చెప్పింది అబద్ధమేమీ కాదు. మన తీరంలో తిరిగే ఫైబర్ బోట్లు, ఫైబర్ తెప్పలు మ్యాటూ పాలిస్టరుతోనే తయారవుతాయి. నేను కాకినాడ వైపు ఇరవై ఏళ్లకు పైగా ఆ బోట్లకే మరమ్మతులు చేశాను. కానీ అవి అచ్చులో తీసిన బోట్లు. అచ్చుకి మైనం రుద్ది, జెల్‌కోటు (బోటు బయటికి కనిపించే నున్నటి పొర) కొట్టి, దాని మీద మ్యాట్ వరసలు పేరుస్తారు. అక్కడ రెసిన్ అంటుకోవాల్సింది తోటి రెసిన్‌కే. అచ్చుకి అంటకుండా ఊడి రావడమే అక్కడ మంచిది. మీ పడవకి కావాల్సింది దానికి పూర్తిగా ఎదురు. చెక్కకి అంటాలి, అంటి ఏళ్ల తరబడి ఊడకూడదు. పాలిస్టర్ గట్టిపడేటప్పుడు బాగా కుంచించుకుపోతుంది. గట్టిపడ్డాక పెళుసుగా ఉంటుంది. చెక్కలో చెమ్మ ఉంటే అంటుకునే చోటే సరిగా గట్టిపడదు. చెక్క ఎండకి బిగుస్తూ, తేమకి ఉబ్బుతూ ఉంటుంది కదా, ఆ కదలికను ఆ పొర ఎంతోకాలం ఓర్చుకోలేదు. ఎపాక్సీ కుంచించుకోవడం చాలా తక్కువ, చెక్క నారలోకి దిగి పట్టుకుంటుంది.

ఇది పుస్తకం చదివి చెబుతున్న మాట కాదు. నా మొదటి సొంత పడవకి నేను కూడా పాలిస్టరే వేశాను. ఆగస్టు నెల. చేత్తో తడిమితే ప్లై పొడిగానే ఉంది, అది చాలనుకున్నాను. మొదటి ఏడాది అద్దంలా ఉంది. రెండో ఏడాది అడుగూ పక్కా కలిసే అంచు దగ్గర అరచేయంత ఉబ్బు కనిపించింది. చెంచాతో కొడితే డొల్లగా మోగింది. కత్తి మొన దూర్చి లాగితే రెండు అడుగుల మేర మ్యాట్ అంతా అరటి బోదె పొర ఊడినట్టు ఒక్క ఊపులో వచ్చేసింది. కింద ప్లై నల్లగా, పులిసిన వాసన, స్క్రూడ్రైవర్ పెడితే కుళ్లిన గుమ్మడికాయలో దిగినట్టు దిగింది. మ్యాట్‌కి ఎక్కడా చిల్లు లేదు. బయటి నీరు చుక్క కూడా లోపలికి రాలేదు. నేను ఫైబర్ వేసిన రోజున చెక్కలో ఉన్న చెమ్మ, ఆ తర్వాత లోపలి వైపు నుంచి దిగిన వాననీరు బయటికి పోయే దారి లేక ఆ పొర వెనకే నిలిచిపోయాయి. ఫైబర్ నీటిని రానివ్వదు, పోనివ్వదు కూడా. అందుకే రెసిన్ డబ్బా మూత తీసే ముందు చేసే పనే ఈ మొత్తం పనిలో ముప్పావు వంతు.

మొదట ఆ ప్రైమర్ తీయాలి. ఎనామిల్ మీద ఎపాక్సీ పోస్తే అది ఎనామిల్‌ని పట్టుకుంటుంది, ఎనామిల్ చెక్కను ఎంత పట్టుకుందో అంతే మీ ఫైబర్ బలం. థిన్నర్ పోసి గుడ్డతో రుద్దకండి, కరిగిన రంగు చెక్క రంధ్రాల్లోకి ఇంకా లోతుగా పోతుంది. స్క్రేపర్‌తో గీకగలిగినంత గీకి, తర్వాత 60 నంబరు, ఆపైన 80 నంబరు ఉప్పుకాగితంతో చెక్క అసలు రంగు కనిపించేదాకా రుద్దండి. ప్లై పైపొర చాలా పల్చన, గ్రైండర్ ఒకే చోట నిలిపితే రెండు సెకన్లలో కింది పొర బయటపడుతుంది. చెయ్యి ఆడిస్తూనే ఉండాలి. 80 నంబరు గీతలు అలాగే ఉండనివ్వండి. నునుపు చేయాలని 220కి వెళ్లొద్దు, రెసిన్‌కి ఆ గరుకే పట్టు.

ఇక చెమ్మ. 12 శాతం లోపు ఉంటే నిశ్చింతగా వేయొచ్చు. 15 దాటితే ఆగాలి. తేమ కొలిచే మీటర్ లేకపోయినా ఇంట్లోనే కనుక్కోవచ్చు. పడవ కట్టగా మిగిలిన ప్లై ముక్క ఒకటి పడవ పక్కనే వారం ఉంచండి. వంటింటి డిజిటల్ కాటా మీద తూచండి. తర్వాత ఓవెన్‌లో 100 డిగ్రీల దగ్గర పెట్టి, గంటకోసారి తూస్తూ, బరువు తగ్గడం ఆగేదాకా ఉంచండి. మొదట 560 గ్రాములుండి చివరికి 500 దగ్గర నిలిచిందనుకోండి, పోయిన 60 గ్రాములు నీరే, అంటే 12 శాతం. ఓవెన్ లేకపోతే ఇంకో పరీక్ష. పడవ అడుగు మీద జానెడు పాలిథిన్ ముక్క పరిచి నాలుగు అంచులా టేపు వేసి, ఎండ తగిలేలా ఒక పగలంతా వదిలేయండి. సాయంత్రానికి లోపలి వైపు ఆవిరి పట్టిందంటే చెక్క ఇంకా ఆరలేదు. రెండోది మోటు పరీక్ష, కానీ నాకు చాలాసార్లు పనికొచ్చింది.

ఆరబెట్టడమంటే ఎండలో పడేయడం కాదు. మండుటెండలో ప్లై మెలిక తిరుగుతుంది. రేకుల షెడ్డులోనో పాకలోనో దిమ్మల మీద ఎత్తుగా పెట్టి, రెండు వైపులా గాలి ఆడేలా ఉంచి, ఫ్యాను పెడితే చాలు.

మీరు ఏ ప్లై వాడారో రాయలేదు. ఐఎస్ 710 ముద్ర ఉన్న మెరైన్ ప్లై అయితే సరే. 72 గంటలు మరిగే నీళ్లలో ఉంచినా దాని పొరలు విడిపోకూడదన్నది ఆ ప్రమాణం. మామూలు ప్లై అయితే ఒక ముక్కను నాలుగైదు గంటలు ఉడకబెట్టి చూడండి. పొరలు విడిపోతే దాని మీద ఎంత మంచి ఫైబర్ వేసినా డబ్బు వృథా. ఈ మాట చెప్పడం నాకూ కష్టంగానే ఉంది, కానీ నీళ్ల మీద తెలుసుకోవడం కన్నా పొయ్యి మీద తెలుసుకోవడం మేలు.

అంచుల మీద శ్రద్ధ పెట్టండి. గాజు గుడ్డ పదునైన మూల మీద వంగదు, వంగినట్టు కనిపించి వెనక గాలి పట్టేస్తుంది. అడుగూ పక్కా కలిసే అంచు, వెనక బల్ల అంచు, ముందు కొస అన్నీ చిత్రిక పట్టి గుండ్రం చేయాలి. కనీసం మీ చిటికెన వేలి వంపుకి సరిపోయేంత గుండ్రం. స్క్రూ తలలన్నీ లోపలికి దిగి ఉండాలి. గుంటలు, నెర్రెలు పూడ్చడానికి గోడల లప్పం, కారు పుట్టీ వాడకండి. ఎపాక్సీలోనే సన్నగా జల్లించిన రంపపు పొట్టు కలిపి, వేరుశెనగ పచ్చడి అంత చిక్కగా చేసి నింపండి.

గుడ్డ విషయంలో ఒక ముఖ్యమైన సంగతి. షాపులో దొరికే 450 మ్యాట్‌లో తరిగిన గాజు పోగులుంటాయి. అవి విడిపోకుండా వాటికి ఒక జిగురు వేస్తారు. పాలిస్టర్‌లో ఉండే స్టైరీన్ అనే ద్రావకం ఆ జిగురుని కరిగిస్తుంది, మ్యాట్ మెత్తబడి చెప్పినట్టు వంగుతుంది. ఎపాక్సీలో స్టైరీన్ లేదు. ఆ జిగురు సరిగా కరగదు, మ్యాట్ అట్టలా బిగుసుకుని తెల్లమచ్చలతో ఉండిపోతుంది. అందుకని ఎపాక్సీకి నేసిన గాజు గుడ్డ అడగండి. చదరపు మీటరుకి 300 గ్రాములది మీ పడవకి బాగుంటుంది. పక్కలకి ఒక వరస, అడుగుకి రెండు, అంచుల మీద నాలుగంగుళాల పట్టీ అదనంగా ఒకటి. గోదావరి ఇసుకలో పడవను ఈడ్చే అలవాటు మనకు ఉంది కాబట్టి అడుగు రెండో వరస దగ్గర పొదుపు చేయకండి.

మీ పడవ బయటి కొలత సుమారు 9 చదరపు మీటర్లు వస్తుంది. మొదటి పూతకి మీటరుకి 150 గ్రాముల చొప్పున కిలోన్నర రెసిన్ దాకా పోతుంది. నేసిన గుడ్డ ఎంత బరువో దాదాపు అంత రెసిన్ తాగుతుంది. రెండు వరసల అడుగు, ముక్కలు ఒకదాని మీద ఒకటి ఎక్కే చోట్లు కలుపుకుని గుడ్డ నాలుగున్నర, ఐదు కిలోలు, రెసిన్ కూడా అంతే. నేత గుంటలు నిండడానికి పైన ఇంకో రెండు పూతలు, మూడు కిలోలు. కలిపేటప్పుడు, డబ్బాల్లో, బ్రష్షుల్లో పోయేది కూడా లెక్కేసి, హార్డెనర్‌తో (ఎపాక్సీని గట్టిపరిచే రెండో ద్రవం) కలిపి 12 కిలోలు కొనండి. లోపలి పూతలకి ఇంకో మూడు నాలుగు కిలోలు వేరుగా చూసుకోండి. పాలిస్టర్‌తో పోలిస్తే ధర ఎక్కువే, దాచను. కానీ ఊడిన ఫైబర్ పీకి మళ్లీ వేయడానికి నాకైన ఖర్చు మొదటి ఖర్చుకి రెట్టింపు.

ఎపాక్సీ కలపడం పాలిస్టర్ కలిపినట్టు కాదు. పాలిస్టర్‌లో దాన్ని గట్టిపరిచే క్యాటలిస్ట్ కొంచెం అటూ ఇటూ అయినా గట్టిపడుతుంది, వేడిని బట్టి ఒకటి నుంచి రెండు శాతం మధ్య మార్చుకుంటాం. ఎపాక్సీలో హార్డెనర్ రెసిన్‌తో జత కట్టే రెండో సగం. ఎక్కువ వేస్తే త్వరగా ఆరుతుందనుకుంటే ఎప్పటికీ జిగటగా ఉండిపోతుంది. డబ్బా మీద రాసిన పాళ్లు తూచి కలపండి, కంటి అంచనా వద్దు. మన దగ్గర మామూలుగా దొరికే లాపాక్స్ ఎల్-12 రెసిన్, కె-6 హార్డెనర్ జతకి 100 గ్రాముల రెసిన్‌కి 10 గ్రాముల హార్డెనర్. అంత తక్కువలో రెండు గ్రాముల తేడా కూడా పెద్దదే. గ్రాము దాకా చూపే కాటా కొనుక్కోండి. ఒకేసారి 300 గ్రాములకు మించి కలపకండి. కలిపాక మగ్గులో అలాగే వదిలేస్తే తన వేడికి తానే ఉడికి పొగలు కక్కుతుంది. కలిపిన వెంటనే వెడల్పాటి పళ్లెంలో పోసుకోండి. వాతావరణం 10 డిగ్రీలు పెరిగితే మీకున్న సమయం సగానికి పడిపోతుంది. మే నెలలో చేస్తే ఇది గుర్తుండాలి.

అసలు పని మొదలుపెట్టే ముందు ఒక ప్లై ముక్క మీద అర అడుగు గుడ్డ అతికించి, ఒక కొస వదులుగా ఉంచండి. రెండు రోజులాగి పట్టకారుతో లాగండి. గుడ్డతో పాటు చెక్క నారలు చిరిగి వస్తే మీ చెక్క, మీ రెసిన్, మీ పాళ్లు అన్నీ సరిగ్గా ఉన్నట్టు. గుడ్డ శుభ్రంగా ఊడొచ్చిందంటే పడవ జోలికి వెళ్లకండి, కారణం వెతకండి.

గుడ్డ పరిచే రోజు మధ్యాహ్నం ఎండ దిగడం మొదలయ్యాక పూత మొదలుపెట్టండి. పొద్దున్నే చల్లగా ఉంది కదా అని మొదలుపెట్టడం చాలామంది చేసే పొరపాటు. పొద్దెక్కేకొద్దీ చెక్క వేడెక్కి, లోపలి గాలి వ్యాకోచించి, తడి రెసిన్‌లోంచి బుడగలై పైకి వస్తుంది. పొద్దు వాలేటప్పుడైతే చెక్క చల్లబడుతూ రెసిన్‌ని లోపలికి పీల్చుకుంటుంది. చలికాలంలో దీనికి ఇంకో చిక్కుంది, చీకటి పడితే మంచు దిగుతుంది. అప్పుడు ఒంటిగంటకే మొదలుపెట్టి, కప్పు కింద చేసి, మంచు దిగేసరికి పైపొర గట్టిపడేలా చూసుకోవాలి.

పడవ బోర్లించి, గుడ్డను పొడిగానే పరిచి కత్తిరించి పెట్టుకోండి. తర్వాత చుట్టి పక్కన పెట్టి, చెక్కకి మొదటి పూత వేయండి. ప్లై అంచులు నీళ్లు తాగినట్టు రెసిన్ తాగుతాయి, వాటికి ఆరకముందే రెండు మూడు సార్లు పట్టించాలి. ఆ పూత చేతికి కొంచెం జిగటగా, వేలికి అంటకుండా ఉన్నప్పుడు గుడ్డ పరచడం నాకు నచ్చిన పద్ధతి, జారిపోకుండా ఉంటుంది. మధ్యలోంచి అంచుల వైపు ప్లాస్టిక్ స్క్రేపర్‌తో రెసిన్ తోసుకుంటూ వెళ్లండి. గుడ్డ గాజులా పారదర్శకం అవ్వాలి. తెల్లగా ఉన్న చోట రెసిన్ చాలలేదు, తళతళలాడే చోట ఎక్కువైంది. నేత గళ్లు పైకి కనిపిస్తూ ఉండాలి, వాటిని ఆ రోజే పూడ్చాలని ఆత్రపడొద్దు. రెసిన్ ఎక్కువైతే గుడ్డ తేలుతుంది, బరువు పెరుగుతుంది గానీ బలం పెరగదు. ఒక ముక్క అంచు మీదికి ఇంకో ముక్క రెండంగుళాలు ఎక్కేలా పరచండి. మూడు నాలుగు గంటలకి గుడ్డ తోలులా అయినప్పుడు వేలాడే అంచులు బ్లేడుతో కోస్తే వెన్నలా తెగుతాయి. తెల్లారాక అయితే గ్రైండర్ పట్టాలి.

మర్నాడు పొద్దున పడవను చేత్తో రాస్తే మైనంలా జారుతుంది. గాలిలో తేమకి హార్డెనర్ నుంచి వచ్చే పొర అది. మన తీరంలో దాదాపు ప్రతిసారీ వస్తుంది. దాన్ని కడగకుండా ఉప్పుకాగితం వేస్తే ఆ మైనాన్ని గీతల్లోకి కూరినట్టే, తర్వాతి పూత చేపకళ్లలా చిన్న గుంటలు పడి విడిపోతుంది. మామూలు నీళ్లు, గిన్నెలు తోమే పీచు చాలు. రుద్ది కడిగి, నీళ్లు గుండ్లు కట్టకుండా పల్చగా పారేదాకా మళ్లీ కడగండి. ఆరాక తేలిగ్గా రుద్ది, మిగతా రెండు పూతలు వేయండి. ఆ రుద్దేటప్పుడు వచ్చే గాజు దుమ్ము ఊపిరితిత్తులకు మంచిది కాదు. ఎన్95 మాస్కు, నిండు చేతుల చొక్కా తప్పనిసరి. చేతులకి తొడుగులు కూడా. ఎపాక్సీ హార్డెనర్ చర్మానికి ఒకసారి పడకుండా పోయిందంటే ఆ తర్వాత వాసనకే దద్దుర్లు వస్తాయి. మంచి పనివాళ్లు ఈ కారణంగా పని మానుకోవడం చూశాను.

ఎపాక్సీకి ఎండ పడదు. నాలుగైదు నెలలు నేరుగా ఎండలో ఉంటే పసుపు తిరిగి పొడిపొడిగా రాలుతుంది. కాబట్టి వారం రోజులు గట్టిపడనిచ్చి, ఎపాక్సీ ప్రైమర్, దాని మీద రెండు డబ్బాలుగా వచ్చి వేసే ముందు కలుపుకునే రకం పాలియురెథేన్ రంగు వేయండి. మామూలు ఎనామిల్ ఎపాక్సీ మీద కొన్నిసార్లు వారాలైనా ఆరదు. అడుగున పొడవునా రెండు టేకు పట్టీలు బిగించండి, ఇసుకకి అవి అరుగుతాయి, మార్చుకోవచ్చు. ఆ పట్టీల స్క్రూలే రేపు నీళ్లకి దారి అవుతాయి. కావాల్సిన దానికంటే పెద్ద రంధ్రం తొలిచి, ఎపాక్సీతో నింపి, గట్టిపడ్డాక మధ్యలో మళ్లీ సన్న రంధ్రం తీసి స్క్రూ బిగిస్తే చెక్కకి నీరు తగలదు. మోటారు బిగించే వెనక బల్లకి కూడా ఇదే పద్ధతి.

లోపలి సంగతి. అడుగూ పక్కా కలిసే మూలల్లో రంపపు పొట్టు ఎపాక్సీతో వేలు వెనక భాగంతో నొక్కినట్టు పుటాకారంగా పూత పెట్టి, దాని మీద నాలుగంగుళాల గాజు పట్టీ వేయండి. మిగతా అంతా గుడ్డ లేకుండా మూడు పూతల ఎపాక్సీ, రంగు. ఫ్రేముల కింద నీళ్లు ఒక గది నుంచి ఇంకో గదికి పారేలా రంధ్రాలు ఉండాలి. పడవను కుళ్లబెట్టేది సముద్రపు ఉప్పునీరు కన్నా లోపల నిలిచే వాననీరే.

ఇంత చెప్పినా ఖర్చు వల్ల పాలిస్టర్‌కే వెళ్లాలనుకుంటే ఒక్క జాగ్రత్త మాత్రం ప్రాణంతో సమానం. రెసిన్‌తో పాటు రెండు సీసాలు ఇస్తారు, ఒకటి గట్టిపడే వేగం పెంచే ఊదారంగు కోబాల్ట్ యాక్సిలరేటర్, ఒకటి నీళ్లలా ఉండే క్యాటలిస్ట్. ఆ రెండూ నేరుగా ఒకదానిలో ఒకటి కలవకూడదు, పేలుతుంది. కోబాల్ట్‌ను ముందు రెసిన్‌లో పూర్తిగా కలియబెట్టి, తర్వాతే క్యాటలిస్ట్. సీసాలు వేర్వేరు చోట్ల పెట్టండి. క్యాటలిస్ట్ చుక్క కంట్లో పడితే చూపు పోవచ్చు. అద్దాలు పెట్టుకోండి, పడితే ఆ క్షణమే పదిహేను నిమిషాలు ధారగా నీళ్లు కొట్టి ఆసుపత్రికి పరుగెత్తండి.

మీతో పాటు మీ ఊళ్లో ఇంకొకరు పాత చెక్క నావకి ఫైబర్ వేద్దామనుకుంటున్నారని రాశారు. తాళ్లరేవు, కోరంగి వైపు కట్టే పలకల నావలాంటిదైతే వద్దనే చెప్పండి. ఆ పలకలు నీళ్లకి ఉబ్బి ఒకదాన్నొకటి ఒత్తుకోవడం వల్లే నావ కారకుండా ఉంటుంది. పైన బిగుతుగా పొర వేస్తే సందుల వెంబడి పగులుతుంది. పైగా ఏళ్లుగా నూనె తాగిన చెక్కకి ఏ రెసినూ అంటదు. ఆ నావకి తెలిసిన మేస్త్రి చేత పలకల సందులు కూరించి పూడ్పించుకోవడమే సరైన వైద్యం.

ఇక వానలు. ఇప్పుడు మే రెండో వారం. ప్రైమర్ గీకడానికి మూడు రోజులు, ఆరడానికి పది పన్నెండు రోజులు పడుతుంది. ఆ లోగా మీ ముక్క 12 శాతానికి వస్తే నెలాఖరులో బయటి వైపు గుడ్డ వేసేయొచ్చు, సాయంత్రం నాలుగు తర్వాత, చిన్న చిన్న మోతాదుల్లో. జూన్ మొదటి వారం దాటినా చెక్క ఆరకపోతే తొందరపడకండి. పాక కింద దిమ్మల మీద బోర్లించి, కింద రెండు అడుగులు గాలి ఆడేలా ఉంచి, చుట్టూ టార్పాలిన్ బిగించకుండా వదిలేయండి. తుఫానుల కాలం దాటి సంక్రాంతి వెళ్లాక గాలి పొడిబారుతుంది, అప్పుడు ముక్కను మళ్లీ తూచి మొదలుపెట్టండి. ఆ ముక్క ఎంత తూగిందో రాస్తే, వేయొచ్చో ఆగాలో చెబుతాను.